అడిగితే చెప్తా: ఆటలు మనూళ్లో పెడితే మనకి మిగిలేదేంటి?

పోయిన సంచికలో 2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కి ఖాయమయ్యాయని నాలుగు ముక్కలు రాసి, చివర్లో "సంతోషమే గానీ లెక్క ఎవరు చూస్తారో" అని ఊరుకున్నా. ఆ ఒక్క ముక్కకి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలా. కొంతమంది నన్ను తిట్టారు, కొంతమంది టికెట్లు ఇప్పించమన్నారు. టికెట్లు నా చేతిలో లేవు, తిట్లు ఎలాగూ అలవాటే. ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మా బ్రాంచిలో రోజూ లంచ్ టైమ్‌లో దీనిమీదే గొడవండీ. ఒలింపిక్స్ లాంటివి పెడితే పెట్టిన డబ్బుకి రెండింతలు తిరిగొస్తుందని మా మేనేజర్ గారు, మొత్తం బూడిదలో పోసిన పన్నీరేనని మా క్యాషియర్. పందెం బిర్యానీ. ఎవరు కొనాలో మీరే తేల్చండి.
(బ్యాంకు ఉద్యోగి, విజయవాడ)

జవాబు: మేనేజర్ గారే కొనాలండీ. కాకపోతే క్యాషియర్ గారు కూడా పూర్తిగా గెలిచినట్టు కాదు, కూల్‌డ్రింకులు ఆయన తేవాలి, ఎందుకో చెప్తా.

మీరు బ్యాంకు వాళ్లు కాబట్టి తొందరగా అర్థమవుతుంది, ఇందులో ఉండేది ఒక ఖాతా కాదు, రెండు. ఆటలు నడిపే ఆర్గనైజింగ్ కమిటీది ఒకటి. టికెట్లు, లోకల్ స్పాన్సర్లు, టీవీ హక్కుల్లో ఒలింపిక్ కమిటీ వాళ్లు ఇచ్చే వాటా, అన్నీ అందులో పడతాయి, వాలంటీర్ల టీషర్టులూ ప్రారంభోత్సవం బాణాసంచా అందులోంచే పోతాయి. రెండోది ప్రభుత్వం ఖాతా, అంటే స్టేడియాలు, రోడ్లు, అథ్లెట్లుండే విలేజ్, ఊరంతా కాపలా కాసే పోలీసులు. అన్నీ అయ్యాక "మాకు మిగులు వచ్చింది" అని ప్రకటిస్తారు చూడండి, అది మొదటి ఖాతా మిగులు. అబద్ధం కాదు, రెండో పాస్‌బుక్ చూపించరు, అంతే.

కెనడాలో మాంట్రియల్ అని ఉంది కదా, 1976 ఒలింపిక్స్ అక్కడే. మగాడు బిడ్డని కనడం ఎంత జరగని పనో ఒలింపిక్స్‌లో నష్టం రావడం కూడా అంతే అన్నాడు ఆ ఊరి మేయర్ జాన్ డ్రాపో. ఆటలు రెండు వారాలు జరిగాయి, అప్పు మాత్రం 2006లో తీరింది, ముప్పై ఏళ్లు, సిగరెట్ల మీద పన్నేసి మరీ కట్టారు. ఆటల టైముకి స్టేడియం టవర్ పూర్తి కాలేదు, ముడుచుకునే పైకప్పు 1987కి గానీ బిగించలేదు. గుండ్రంగా ఉంటుందని ఆ స్టేడియాన్ని మొదట్లో "బిగ్ ఓ" అనేవాళ్లు, తర్వాత కూడా అదే అన్నారు గానీ స్పెల్లింగ్ మార్చేశారు. ఇంగ్లీషులో ఆ అక్షరం పలికినా, బాకీ పడ్డాం అనే మాట (owe) పలికినా ఒకటే చప్పుడు మరి.

ఆ దెబ్బకి 1984 ఒలింపిక్స్‌కి జనం జడిసిపోయారు, చివరికి బరిలో మిగిలింది లాస్ ఏంజెలెస్ ఒక్కటే. కొనేవాడు ఒక్కడే ఉన్న సంతలో ధర ఎవరు చెప్తారో మీకు తెలుసు కదా. నగరం డబ్బు ఒక్క పైసా పెట్టడానికి వీల్లేదని అక్కడి జనం 1978లోనే ఓటేసి కూర్చున్నారు, అందుకని 1932 ఒలింపిక్స్ జరిగిన పాత కొలీజియంనే మళ్లీ వాడారు, అథ్లెట్లని యూనివర్సిటీ హాస్టళ్లలో పెట్టారు, స్పాన్సర్ల ముక్కు పిండి వసూలు చేశారు. 23 కోట్ల డాలర్లకి పైనే మిగిలింది, ఆ డబ్బుతో పెట్టిన ఫౌండేషన్ ఇప్పటికీ అక్కడి పిల్లల ఆటలకి ఇస్తూనే ఉంది. కూల్‌డ్రింకులు తెమ్మంది ఇందుకే.

మరి అందరూ అలాగే చెయ్యొచ్చు కదా అంటారేమో. చెయ్యరండీ, చెయ్యనివ్వరు కూడా. లోకంలో ఏ కట్టడానికైనా కాస్త ఆలస్యమైతే తేదీ జరుపుకోవచ్చు, దీనికి అది కుదరదు. ముహూర్తం పెట్టేసి, కార్డులు పంచేసి, పెళ్లి ఇంక వారం ఉందనగా వంటవాళ్లతో బేరం మొదలెట్టినట్టు ఉంటుంది, వాడెంత చెప్తే అంత. 1960 నుంచి లెక్కలు దొరికిన ఏ ఒలింపిక్స్ తీసుకున్నా మొదట అనుకున్న బడ్జెట్ లోపల ముగిసింది ఒక్కటీ లేదు. మన ఢిల్లీ 2010 కామన్వెల్త్ సంగతే చూడండి, కాగ్ రిపోర్టు ప్రకారం చివరికి తేలిన అంకె 18,532 కోట్లు, 2003లో ఆ గేమ్స్ మనకి దక్కినప్పుడు అనుకున్నది ఇందులో పదో వంతు కూడా లేదు. సెప్టెంబర్ 21న, ప్రారంభోత్సవానికి ఇంకా 12 రోజులుందనగా, నెహ్రూ స్టేడియం దగ్గర నడక వంతెన కూలి కూలీలు గాయపడ్డారు. తర్వాత మనవాళ్లు 101 పతకాలు తెచ్చారు, అది మాత్రం ఇప్పుడు ఎవర్నడిగినా ఠక్కున చెప్పలేరు. వంతెన సంగతి చెప్తారు.

ప్రశ్న: సర్, అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. పేపర్లో "ఎకనామిక్ ఇంపాక్ట్ ఇన్ని వేల కోట్లు" అని రాస్తారు కదా, ఆ అంకె ఎలా వస్తుంది? ఎగ్జామ్‌లో రాయొచ్చా?
(ఒక అభ్యర్థి, హైదరాబాద్)

జవాబు: రాయి తమ్ముడూ, కానీ ఎవరు లెక్క వేయించారో కూడా రాయి, అదనంగా ఒక మార్కు వస్తుంది.

2023 క్రికెట్ వరల్డ్ కప్ వల్ల మన దేశానికి 11,637 కోట్ల ఇంపాక్ట్ అని ఐసీసీ చెప్పింది. అదే ఏడాది ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది, దానివల్ల దాదాపు 8.4 కోట్ల డాలర్లు అని దాని నిర్వాహకులు చెప్పారు. ఇద్దరూ ఆట పెట్టినవాళ్లే. పిల్ల తరపు వాళ్లని పిల్ల ఎలా ఉందని అడిగినట్టు.

లెక్క ఎక్కడ మెలిక తిరుగుతుందో చిన్న ఉదాహరణ చెప్తా. నువ్వు రోజూ సాయంత్రం అశోక్‌నగర్ సందులో చాయ్, సమోసా తిని యాభై రూపాయలు పెడతావనుకో. ఉప్పల్లో మ్యాచ్ ఉందని ఆ రోజు అక్కడికెళ్లి టికెట్టు, మెట్రో, లోపల మూడింతల రేటుకి సమోసా, అన్నీ కలిపి రెండు వేలు పెట్టావ్. రిపోర్టులో రెండు వేల ఖర్చు పడిపోతుంది. నీ సందులో చాయ్ బండి ఆయనకి ఆ రోజు పోయిన యాభై పడదు, ఆ నెల నువ్వు కొనకుండా ఆపేసిన గ్రూప్స్ మోడల్ పేపర్ల టెస్ట్ సిరీస్ కూడా పడదు. ఊళ్లోవాడు ఊళ్లో పెట్టిన ఖర్చు కొత్త డబ్బు కాదు, ఈ జేబులోది ఆ జేబులోకి మారింది. బయటి దేశంవాడు, బయటి రాష్ట్రంవాడు తెచ్చిందే కొత్తది, అందులోనూ పెద్ద హోటల్ ఐతే లాభం దాని హెడ్డాఫీసు ఉన్న ఊరికి వెళ్లిపోతుంది.

ఇంకోటి, ఆట ఉందని వచ్చినవాళ్లని లెక్కేస్తారు గానీ ఆట ఉందని రానివాళ్లని ఎవరూ లెక్కెయ్యరు. 2012 ఆగస్టులో లండన్‌లో ఒలింపిక్స్ జరిగాయి కదా, ఆ నెల బ్రిటన్‌కి వచ్చిన విదేశీయుల సంఖ్య అంతకుముందు ఏడాది ఆగస్టు కంటే సుమారు 5 శాతం తగ్గింది. వచ్చినవాళ్లు మామూలు కంటే ఎక్కువే ఖర్చుపెట్టారు, అది కూడా నిజమే. కానీ రద్దీ, రేట్లు చూసి జడిసి మామూలు టూరిస్టులు ఆ నెల అటు వెళ్లలేదు. అహ్మదాబాద్‌లో ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ అప్పుడు హోటల్ రూములు దొరక్క కొంతమంది హెల్త్ చెకప్ పేరు చెప్పి హాస్పిటల్ బెడ్లు అడిగారని పేపర్లలో వచ్చింది గుర్తుందా, ఆ వారం మామూలు పని మీద ఆ ఊరెళ్లాల్సినవాడు ఏం చేసుంటాడు, ప్రయాణం మానుకునుంటాడు. ఇది రిపోర్టులో ఏ కాలమ్‌లోనూ ఉండదు.

ప్రశ్న: సార్ నమస్తే. మాది జగిత్యాల దిక్కు. మా ఆయన 2017ల ఖతర్ పోయిండు, లుసైల్ స్టేడియం కాడ సెంట్రింగ్ పని చేసిండు. ఫైనల్ మ్యాచ్ నాడు టీవీల చూపెట్టి ఇగో గీడ నేను పనిచేసిన అని పిల్లలకు చెప్పిండు. దునియంతా ఖతర్‌ను మెచ్చుకున్నది గదా, మరి ఆ పేరుల మా అసుంటోళ్లకు ఏమన్న ఉన్నదా?
(ఒక చెల్లెలు, జగిత్యాల జిల్లా)

జవాబు: చెల్లెమ్మా, ఈ పేజీకి వచ్చిన అన్ని ఉత్తరాల్లో మీదే పెద్ద ప్రశ్న, దీనికి జవాబు రాయడానికే నాకు ఎక్కువ టైం పట్టింది.

ఖతర్ డబ్బు కోసం పెట్టలేదు ఆ వరల్డ్ కప్. మెట్రో, రోడ్లు, లుసైల్ అనే కొత్త ఊరు అన్నీ కలిపి 20 వేల కోట్ల డాలర్ల పైనే అని చెప్పుకుంటారు, రెండు మూడు వందల కోట్ల డాలర్ల రాబడి దానికి ఏ మూలకి. వాళ్లు కొనుక్కుంది పేరు. మ్యాప్‌లో వేలు పెడితే కనపడని దేశం ఇంటింటికీ తెలిసిపోయింది. మెస్సీ భుజాల మీద వాళ్ల నల్ల బిష్త్ (అరబ్బులు గౌరవంగా వేసుకునే పై అంగీ) కప్పి కప్పు చేతికిచ్చారు చూడండి, ఆ ఒక్క ఫొటోకి వెల ఎంతో ఎవరూ చెప్పలేరు.

కానీ పేరు కోసం దీపాలు వేసుకుంటే ఇంట్లో బూజు కూడా కనపడుతుంది. 2021లో ఒక బ్రిటిష్ పత్రిక, వరల్డ్ కప్ దక్కినప్పటి నుంచి పదేళ్లలో మన దేశం, నేపాల్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక వాళ్లు 6,500 మంది పైగా ఖతర్‌లో చనిపోయారని రాసింది. ఇది అన్ని రకాల చావులూ కలిపిన లెక్క, అందరూ స్టేడియాల దగ్గర పోయినవాళ్లు కారు, అది గుర్తుపెట్టుకోవాలి. ఖతర్ వాళ్లు స్టేడియం పనుల్లో ప్రమాదాలతో పోయింది ముగ్గురే అంటూ వచ్చారు, చివరికి 2022 నవంబర్‌లో వాళ్ల నిర్వాహక కమిటీ పెద్దాయనే ఒక ఇంటర్వ్యూలో వరల్డ్ కప్‌కి సంబంధించిన పనుల్లో 400, 500 మధ్య ఉండొచ్చు అన్నాడు. చాలామంది సర్టిఫికెట్లలో "సహజ మరణం" అని రాశారు, ముప్పై ఏళ్ల మనిషికి ఎండలో పనిచేసి గుండె ఆగితే సహజం ఎలా అవుతుందో తెలీదు, అలా రాస్తే మాత్రం ఇంటివాళ్లకి పరిహారం రాదు. శంషాబాద్ కార్గో దగ్గర శవం పెట్టె కోసం నిలబడ్డ కుటుంబాలు మీ దిక్కు ఎన్నో ఉన్నాయి, మీకు నేను చెప్పేదేముంది.

మీ ప్రశ్నకి వస్తా. ఆ పేరులో మీకు కొంచెం ఉంది, అది ఇష్టపడి ఇచ్చింది కాదు, కెమెరాలు అటే చూస్తున్నాయి కాబట్టి ఇవ్వాల్సొచ్చింది. 2020లో చట్టం మార్చి, కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర నో అబ్జెక్షన్ కాగితం లేకుండానే కంపెనీ మారొచ్చు అన్నారు. 2021 మార్చి నుంచి అందరికీ నెలకి కనీసం 1,000 రియాళ్లు జీతం, కంపెనీ రూమ్, తిండి పెట్టకపోతే ఇంకో 800 ఇవ్వాలన్నారు. కాగితం మీద ఉన్నదంతా క్యాంపులో జరుగుతోందని నేను అనను, మీ ఆయనకి నాకంటే బాగా తెలుసు. కానీ వరల్డ్ కప్ లేకపోతే ఆ కాగితం కూడా ఉండేది కాదు. పిల్లలకి ఆయన టీవీలో చూపించింది నిజమే, ఆ స్టేడియం పేరులో ఆయన వాటా ఉంది, ఎవరూ ఇవ్వకపోయినా.

ప్రశ్న: డబ్బు సంగతి సరే, పేరుప్రతిష్ఠలకి విలువ లేదా? హైదరాబాద్‌లో 2003లో ఆఫ్రో ఏషియన్ గేమ్స్ జరిగినప్పుడు మా స్కూలు పిల్లల్ని తీసుకెళ్లా. ఇప్పుడు ఎవరికైనా గుర్తున్నాయా అవి?
(రిటైర్డ్ పీఈటీ, గుంటూరు)

జవాబు: మాస్టారూ, ఎవరికీ గుర్తులేవు. అసలు ఆ గేమ్స్ చరిత్రలో జరిగిందే ఒక్కసారి, అది మన హైదరాబాద్‌లో, 2003 అక్టోబర్ 24 నుంచి నవంబర్ 1 దాకా. తర్వాతిది అల్జీరియాలో అన్నారు, జరగలా. అంటే పేరు లెక్కన చూస్తే గుండు సున్నా, అంతకుముందు ఏడాది మనూళ్లోనే జరిగిన నేషనల్ గేమ్స్ కూడా అంతే.

ఐనా నన్నడిగితే మన రాష్ట్రాల్లో ఆటల కోసం పెట్టిన ఖర్చుల్లో మంచి ఖర్చు అదే. ఆ రెండు గేమ్స్ పేరు చెప్పి గచ్చిబౌలిలో ఒక అథ్లెటిక్ స్టేడియం, ఇండోర్ స్టేడియం, ఈత కొలను లేచాయి, అప్పటికి అటువైపు బండరాళ్లూ తుప్పలే ఎక్కువ. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచొచ్చిన గోపీచంద్‌కి అకాడమీ కోసం ఐదెకరాలిచ్చింది కూడా ఆ దగ్గర్లోనే, ఆయన సొంత ఇల్లు తాకట్టు పెట్టి, దాతల దగ్గర తెచ్చి 2008లో తెరిచాడు. 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగాయి. అప్పుడు మీరన్న పేరుప్రతిష్ఠలకి ఏమైందో తెలుసా, ఉగ్రవాదుల బెదిరింపు ఉందని ఇంగ్లండ్ జట్టు పెట్టే సర్దుకుని వెళ్లిపోయింది, లోకమంతా ఆ వార్తే. మూడేళ్లకి సైనా లండన్‌లో కాంస్యం, ఇంకో నాలుగేళ్లకి సింధు రియోలో రజతం. ఇప్పుడు బ్యాడ్మింటన్ అంటే హైదరాబాద్ అంటారు, 2009లో ఎవరొచ్చారు ఎవరు పోయారు అన్నది ఎవడికి కావాలి.

పోటీల వల్లే పతకాలొచ్చాయని నేను అనటంలా, గోపీచంద్ లాంటి మొండిమనిషి లేకపోతే ఆ హాళ్లు పెళ్లిళ్లకి అద్దెకిచ్చేవాళ్లేమో. కానీ పొద్దున ఐదున్నరకి అటు వెళ్లి చూడండి, స్కూటీ మీద ముందు తండ్రి, కాళ్ల దగ్గర కిట్ బ్యాగు, వెనకాల తండ్రి వీపుకి తల ఆనించి ఇంకా నిద్రలోనే ఉన్న పిల్ల, సిగ్నల్ దగ్గర ఇలాంటి బళ్లు నాలుగైదు కనపడతాయి. నేను పేరు అనేది దాన్నే. 2020లో కరోనా వచ్చినప్పుడు అదే స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో ఉన్న 14 అంతస్తుల టవర్‌ని కొద్ది వారాల్లోనే హాస్పిటల్ చేసేశారు, ఇది మాత్రం గేమ్స్ పెట్టినప్పుడు ఎవరూ ఊహించి ఉండరు.

పేరు పోగొట్టుకోవడం ఎంత సులువో కూడా మనూళ్లోనే ఉంది. ఫార్ములా ఈ రేసు 2023లో జరిగింది, 2024 ఫిబ్రవరిలో రెండోసారి జరగాలి, మధ్యలో ప్రభుత్వం మారింది, జనవరిలో రద్దు. ఒప్పందం తప్పారని నిర్వాహకులు, అసలు డబ్బు కట్టిన పద్ధతే తప్పని కొత్త ప్రభుత్వం, తర్వాత కేసులు. ఎవరిది తప్పో కోర్టు తేలుస్తుంది, నేను దూరను. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ ట్రాక్ కట్టి 2011 నుంచి 2013 దాకా మూడు రేసులు పెట్టారు, పన్నుల పేచీలొచ్చి అది కూడా ఆగిపోయింది. ఒకసారి పిలిచి రెండోసారి తలుపేసుకున్న ఇంటికి చుట్టాలు మళ్లీ రావాలంటే ఆలోచిస్తారు మాస్టారూ.

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటామండీ. 2026 జూన్, జూలైల్లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మ్యాచ్‌లు ఇక్కడ 9 ఉన్నాయి, పైన గది ఎయిర్‌బీఎన్‌బీకి పెట్టి నెలరోజుల్లో సంపాదించేద్దాం అంటున్నారు మా ఆయన. పెట్టమంటారా?
(ఒక ఇల్లాలు, టెక్సస్)

జవాబు: పెట్టండి గానీ ఆ డబ్బుతో ఇప్పుడే గాజులు ఆర్డరివ్వకండి. ఊళ్లో ప్రతి రెండో ఇల్లూ అదే అనుకుంటే గదులెక్కువై రేటు పడిపోతుంది, పైగా స్టేడియం ఉన్నది ఆర్లింగ్టన్‌లో, మీకు చాలా దూరం, ఆ ఊళ్లో మనకున్నట్టు సిటీ బస్సులు కూడా లేవు. 16 నగరాల్లో అన్నిటికంటే ఎక్కువ మ్యాచ్‌లు మీకే, సెమీ ఫైనల్ ఒకటి కూడా ఉంది కాబట్టి జనం ఐతే వస్తారు. డబ్బు సంగతంటే టీవీ హక్కులు, టికెట్లు, స్పాన్సర్లు ఫీఫావి, పోలీసు, ట్రాఫిక్, చెత్త ఎత్తడం నగరాలవి. స్టేడియం మీద ఉన్న కంపెనీ పేరు కూడా ఆ నెల రోజులు కనపడకూడదు, "డాలస్ స్టేడియం" అనే అనాలి. ఈ షరతులు చూసే షికాగో 2018లోనే మాకొద్దు బాబోయ్ అని తప్పుకుంది.

ప్రశ్న: ఒప్పుకున్న కామన్వెల్త్ గేమ్స్‌ని ఆస్ట్రేలియావాళ్లు వదిలేశారట, పరువు పోదా?
(విద్యార్థి, అనంతపురం)

జవాబు: పోయింది. విక్టోరియా రాష్ట్రం 2026 గేమ్స్ తీసుకుని, 260 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు అనుకున్నది 600 కోట్లు దాటేలా ఉందని 2023 జూలైలో వద్దనేసింది. వద్దన్నందుకు 38 కోట్ల డాలర్లు కట్టింది, ఒక్క పరుగుపందెం కూడా జరగకుండా. ఇప్పుడవి గ్లాస్గోలో పది ఆటలకి కుదించి, ఉన్న స్టేడియాల్లోనే పెడుతున్నారు. పరువు పోతే పోయిందిగానీ లెక్క ప్రకారం వాళ్లు చేసింది తప్పని నేను అనలేను. మన అహ్మదాబాద్‌కి 2030 అంత సులువుగా రావడానికి, పోటీకి పెద్దగా ఎవరూ లేకపోవడానికి కూడా ఇదొక కారణం. కొనేవాడు ఒక్కడే ఉన్న సంత అని పైన చెప్పా చూడు, మనవాళ్లు లాస్ ఏంజెలెస్ లాగా బేరం ఆడారా లేదా అన్నదే ఇప్పుడు అడగాల్సింది.

ప్రశ్న: 1982 ఢిల్లీ ఏషియాడ్ చూడటానికే మా నాన్న కలర్ టీవీ కొన్నారు, ఊళ్లో మాదే మొదటిది. ఆ ఆటల గుర్తుగా పెట్టిన అప్పూ ఏనుగు బొమ్మ ఇప్పటికీ ఉంది మా ఇంట్లో. ఆ ఏనుగు నిజంగా ఉండేదా, ఏమైంది?
(ఒక గృహిణి, తాడేపల్లిగూడెం)

జవాబు: ఉండేదండీ. అసలు పేరు కుట్టినారాయణన్, కేరళలో గురువాయూర్ గుడి ఏనుగు. ఏడేళ్ల వయసులో ఒక సెప్టిక్ ట్యాంక్‌లో కాలు పడి విరిగింది. ఆ పుండు మానలేదు. 2005 మేలో పోయింది.